పైకొచ్చే పిల్ల

పోయిన వారం మనం వ్యానును నర్సమ్మ గేటు ముందు వదిలేసి వచ్చాం. ఇంజను ఇంకా వేడిగానే ఉంది. అందులో వచ్చిన తల్లీకూతుళ్ళు మాత్రం దారి పొడుగునా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తల్లి మరకలమ్మ. అసలు పేరు అది కాదు లెండి. ముఖాలూ చేతులూ లేకుండా ఉత్త రంగుల మచ్చలతో బొమ్మలు వేసే మనిషికి చుట్టాలు వెక్కిరింతగా తగిలించిన పేరు. ఆ మచ్చలు పెద్ద పెద్ద హాళ్ళ గోడలెక్కేసరికి అదే చుట్టాలు ఆ పేరునే గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. కూతురు గుప్పెడు. అదీ ముద్దుపేరే. స్టేజీల మీదా, ప్రదర్శనల్లోనూ లైట్లు బిగించడం ఆమె పని.

మరకలమ్మ ఇన్నేళ్ళూ వేసిన బొమ్మలన్నీ ఒకచోట చేర్చి గ్యాలరీవాళ్ళు పెద్ద ప్రదర్శన పెడుతున్నారు. గోడలన్నీ నిండాయి, మొదటి గోడ తప్ప. అక్కడ ఉండాల్సింది ఆమె వేసిన తొలి మచ్చల బొమ్మ. గుప్పెడు పుట్టిన రోజుల్లో ఆసుపత్రిలో వేసి, అక్కడి నర్సమ్మకే ఇచ్చేసి వచ్చింది. దాన్ని అడిగి తెచ్చుకోవడానికే ఈ ప్రయాణం. బయల్దేరే ముందు పిన్ని, నోట్లో నువ్వుగింజ నానని మనిషి, గుప్పెడు చెవిలో ఒక మాట ఊదింది. నువ్వు గాజుపెట్టెలో చావుబతుకుల మధ్య ఉంటే మీ అమ్మ ఒక్కసారైనా ఆ గదిలో అడుగు పెట్టలేదే, మంచం మీద కూర్చుని రంగులు పూసుకుంటూ ఉంది, అని. ఆ పూసుకున్న గుడ్డే ఈ బొమ్మ. ఇక తలుపు తీసిన నర్సమ్మ, బొమ్మ కోసం వచ్చామని వినగానే, "ఇప్పుడు కుదరదు. పిల్ల కిందుంది," అనేసింది.

కింద ఏమిటి, పిల్లేమిటి అని అడిగే వ్యవధి వాళ్ళకు దొరకలేదు. నర్సమ్మ అప్పటికే ఇద్దరినీ చేతులు కడుక్కోమని పంపింది. ఆ ఇంటికి ఎవరొచ్చినా సరే, గుమ్మం పక్కన కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, గోళ్ళ సందులు తోముకుని, ఆ తర్వాతే కుర్చీ మీద కూర్చోవాలి. ఆవిడ ఆసుపత్రిని వదిలి చాలా ఏళ్ళయింది గానీ ఆసుపత్రి ఆవిణ్ణి వదల్లేదు. అరవై దాటిన మరకలమ్మ బడిపిల్లలా రెండు చేతులూ చాపి చూపించింది. గోళ్ళలో ఎప్పటి రంగో ఇరుక్కుని ఉంది. అది పోయే రకం కాదక్కా అని నవ్వబోయింది. నర్సమ్మ నవ్వలేదు. బ్రష్షు అందించింది.

ముందుగది అద్దంలా ఉంది. మంచం మీద దుప్పటి మూలలు ఆసుపత్రి మడతతో పరుపు కిందకి బిగుసుకుని ఉన్నాయి. అల్మరాలో మందుల డబ్బాలు పొట్టివి ముందూ, పొడుగువి వెనకా నిలబడి ఉన్నాయి. ఫినాయిలు వాసన. మరకలమ్మ కళ్ళు ముందుగా వెతికింది గోడల్ని. గోడల మీద గడియారం తప్ప ఏమీ లేదు. ఆమె గుండె జారిపోయింది.

ఎందుకు జారిందో చెప్పాలి. ఆ ఆసుపత్రి పెరట్లో ఒక దానిమ్మ చెట్టు ఉండేది. రంగులు కొనుక్కునే దారి లేని ఆ రోజుల్లో, రాలిన దానిమ్మపూలు నలిపి నిమ్మరసం పిండితే ఎరుపు వచ్చింది. కాయల తొక్కలు తుప్పు పట్టిన మేకులతో కలిపి నానబెడితే చిక్కటి నలుపు వచ్చింది. ఒకే చెట్టు ఎరుపూ ఇచ్చింది, నలుపూ ఇచ్చింది. ఇంటికొచ్చాక మరకలమ్మ అవే రంగులతో వరసగా బొమ్మలు వేసింది. గ్రీకుల పురాణంలో ధాన్యపు దేవత డిమీటర్, ఆమె కూతురు పెర్సెఫొనీ, ఆ పిల్లని ఎత్తుకుపోయిన పాతాళపు రాజు. మనుషులెవరూ కనపడరు. కింద నలుపు, దాన్ని చీల్చుకుంటూ ఎరుపు, అక్కడక్కడా పసుపు గీత. జనం ఎగబడి చూశారు. కానీ పూల ఎరుపు వెలుతురుకు ఆగే రకం కాదని అప్పట్లో ఆమెకు తెలియదు. ఎంత మంచి హాల్లో, ఎంత మంచి లైటు కింద పెడితే అంత త్వరగా పాలిపోయింది. ఇప్పుడు ఆ బొమ్మలన్నిట్లో మిగిలింది నలుపే. పాతాళం చెక్కుచెదరలేదు, పిల్ల మాత్రం ఎగిరిపోయింది. సభల్లో ఈ సంగతి తనే చెప్పి అందరినీ నవ్విస్తుంది మరకలమ్మ. ఇంటికొచ్చాక నవ్వదు. ఆ మొదటి ఎరుపు ఎలా ఉండేదో ఎంత గుర్తు చేసుకున్నా కంటి ముందుకు రాదు. దాన్ని ఒక్కసారి చూడకుండానే పోతానేమోనని ఆవిడ బెంగ.

అందుకని ఇప్పుడు ఆవిడకు అనుమానం వచ్చింది. గుడ్డ పాలిపోయి ఏ అంట్లు తుడవడానికో వెళ్ళిపోయి ఉంటుంది, పెద్దావిడ చెప్పలేక మాట దాటేస్తోంది అనుకుంది. మొహమాటం తీరుద్దామని తనే మొదలుపెట్టింది. పాలిపోయినా ఫర్వాలేదక్కా, నేనేమీ అనుకోను, మిగతావన్నీ అలాగే అయ్యాయి, ఉన్నదేదో చూపిస్తే చాలు, అంది.

నర్సమ్మ వీపు నిటారుగా అయింది. రోగి మాత్ర మింగలేదని తెలిసినప్పుడు నర్సులు చూసే చూపు ఒకటి ఉంటుంది కదా, అది చూసింది.

"ఎందుకు పాలిపోతుంది? నువ్వు ఎలా చూసుకోమన్నావో అలాగే చూసుకుంటున్నా."

"నేనేం చెప్పానక్కా?"

నర్సమ్మ కళ్ళు సగం మూసుకుని, డాక్టరు చెప్పింది మళ్ళీ చెప్పే పద్ధతిలో అప్పజెప్పింది. "సగం ఏడాది పైన, సగం ఏడాది కింద. దానిమ్మ పూత మొదలైతే పైకి తేవాలి, కాయలైపోతే కిందకి దించాలి. తప్పితే పిల్ల దక్కదు. ఇదేగా నువ్వు చెప్పింది?"

అది బొమ్మను చూసుకునే పద్ధతి కాదు. అది కథ. డిశ్చార్జి రోజున, ఒళ్ళో బిడ్డతో, కళ్ళ నిండా నీళ్ళతో, ఈ బొమ్మలో ఏముందమ్మా అని నర్సమ్మ అడిగితే మరకలమ్మ చెప్పిన గ్రీకు కథ. పాతాళంలో దానిమ్మ గింజలు తిన్నందుకు ఆ పిల్ల సగం ఏడాది కిందే ఉండిపోవాలి, మిగతా సగం తల్లి దగ్గరికి వస్తుంది, అది వస్తేనే పూలు పూస్తాయి, పొలాలు పండుతాయి. పక్క వార్డులో ఇంకో బిడ్డ ఏడుస్తుంటే ఒక చెవి అటు వేసి విన్న నర్సమ్మకు అందులో దేవతలెవరూ వినపడలేదు. ఎప్పుడు, ఎలా, ఎన్నాళ్ళు అన్నవే వినపడ్డాయి. మందు చీటీ చదివినట్టు మనసులో రాసుకుంది. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఒక్క పూటా తప్పలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఆవిడ, మీరే చెప్పండి, ఆ కాళ్ళు లెక్కపెట్టమని ఎవరంటారు?

ముందు నవ్వింది గుప్పెడు. పొద్దుట్నుంచీ బిగపట్టుకున్న మూతి ఉన్నట్టుండి వదులైపోయింది. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది. ఆమె లైట్ల మనిషి. ఏ లైటు కింద ఏ రంగు ఎంతకాలం బతుకుతుందో తెలియడమే ఆమె బతుకుతెరువు.

కింద అంటే ఎక్కడ పెడతారండీ అని అడిగింది. మంచం కింద ట్రంకుపెట్టెలో, నల్ల గుడ్డలో చుట్టి, దాని మీద దుప్పటి చుట్టి, అని చెప్పింది నర్సమ్మ. గుప్పెడు తల్లి వైపు తిరిగింది. ఈ ప్రయాణంలో తల్లితో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. "అమ్మా, చీకట్లో ఉంది. ఎరుపు ఉండే ఉంటుంది."

మరకలమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. అయితే చూపించక్కా, అని బతిమాలింది. నర్సమ్మ కుదరదంది. పెరట్లో చెట్టు ఇంకా పూత పట్టలేదు, మొగ్గలే ఉన్నాయి, పూత రాకుండా తీయడం పద్ధతి కాదు. అది ఉత్త కథక్కా, నేనేదో ఏడుస్తూ చెప్పాను, అని మరకలమ్మ ఎంత మొత్తుకున్నా గోడకు చెప్పినట్టే అయింది. కథో కాకరకాయో నాకు తెలియదు, ఇన్నేళ్ళూ దక్కిందా లేదా, దక్కినదాన్ని చెడగొట్టుకుంటామా, అంది నర్సమ్మ. ఆ ముక్కకు ఎదురు చెప్పడం ఎవరి తరం?

అంతలో టీ వచ్చింది. మూడు గ్లాసుల్లోనూ గీత గీసినట్టు ఒకే ఎత్తున పోసింది నర్సమ్మ. మూడో గ్లాసు చేతికిస్తూ, "తాగవే గుప్పెడూ, చల్లారిపోతుంది," అంది.

ఆ పేరు ఈవిడకెలా తెలుసు? గుప్పెడు అదే అడిగింది. నాకు తెలియకపోవడమేమిటి, పెట్టింది నేనే, అంది నర్సమ్మ. పుట్టినప్పుడు నా అరచేతిలో సరిపోయావు, గుప్పెట మూస్తే కనపడేదానివి కాదు, రిజిస్టర్లో ఏ పేరు రాసుకున్నారో గానీ మా గదిలో నువ్వు గుప్పెడువే.

అక్కడితో గుప్పెడు టీ గ్లాసు కింద పెట్టేసింది. పిన్ని ఊదిన మాట లోపల్నుంచి పొడుచుకొచ్చింది. తల్లిని రోజంతా అడగలేకపోయింది గానీ ఈ పెద్దావిణ్ణి అడిగేసింది.

"నేను ఆ పెట్టెలో ఉన్నన్నాళ్ళూ మా అమ్మ ఒక్కసారైనా లోపలికొచ్చిందా?"

మరకలమ్మ తలొంచుకుంది. రాలేదు, అంది తనే మెల్లగా.

నర్సమ్మ తల్లినీ చూసింది, కూతుర్నీ చూసింది. ఇన్నేళ్ళూ దీనికి చెప్పలేదా నువ్వు, అని అడిగింది. ఏం చెప్పనక్కా, రాని మాట నిజమే కదా, అంది మరకలమ్మ. ఎందుకు రాలేదో చెప్తే సాకు చెప్పినట్టుంటుందని ఊరుకున్నానంది. కొందరుంటారు అలా. లోకమంతా తిరిగి గోడల మీద గుండె విప్పి పరుస్తారు, ఇంట్లో బిడ్డకు ఒక్క ముక్క చెప్పలేరు.

"రాలేదు కాదే," అంది నర్సమ్మ గుప్పెడుతో. "నేను రానివ్వలేదు."

కాన్పు తర్వాత మరకలమ్మకు చీము పట్టి, విడవని జ్వరం. ఆ ఒంటితో ఆమె గాజుపెట్టెల గదిలోకొస్తే లోపలున్న పసిగుడ్లందరికీ ముప్పే. అందుకని నర్సమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రోజూ గోడ పట్టుకుని నడవా చివరిదాకా వచ్చేది మరకలమ్మ. కాళ్ళు పట్టుకుంది, తిట్టింది, ఒకసారి చేతిలో ఉన్న గ్లాసు విసిరింది కూడా. నర్సమ్మ చలించలేదు. గుమ్మం దగ్గర్నుంచి చూస్తే వరసగా గాజుపెట్టెల వీపులే తప్ప బిడ్డ కనపడేది కాదు.

"అప్పుడు మీ అమ్మ నన్ను ఒకటి అడిగింది," అని చెప్పుకొచ్చింది నర్సమ్మ. నన్ను రానివ్వకపోతే పోనీ, నా ముఖమైనా దానికి చూపించు, అని. ఆ రోజుల్లో మరకలమ్మ పుస్తకాలకు బొమ్మలు వేసేది. ఆమె వేసిన దేవతల కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా కనపడేవట. ఒక పాత దుప్పటి చింపి, బొగ్గుతో తన ముఖం తనే గీసి పంపింది. నర్సమ్మ దాన్ని గాజు పక్కన వేలాడదీసింది. గుప్పెడు ఉలకలేదు, పలకలేదు. చూసినట్టే లేదు. మరి నర్సమ్మ జేబు మీద ఎర్ర దారంతో కుట్టిన గుర్తుంటే, అది ఎటు కదిలితే అటు కళ్ళు తిప్పేదట. ఆ సంగతే వచ్చి తల్లితో చెప్పింది. అంత చిన్న బిడ్డకి ముక్కూ మూతీ ఆనవమ్మా, పెద్ద పెద్ద మచ్చలు అయితే ఆనుతాయి, ఎరుపూ నలుపూ, అంది.

మరకలమ్మ వెంటనే ఆ బొగ్గు ముఖం పారేయమందట. దానిమ్మపూలు ఏరి తెమ్మంది.

"నీ ముందు ఆ ఎర్రగుడ్డ పెట్టాక నువ్వు చూపు తిప్పుకోలేదు," అంది నర్సమ్మ. "మీ అమ్మ ముఖం నీకు కనపడదని తెలిశాక గుప్పెడూ, ముఖాలు వేయడమే మానేసింది. ఇంతవరకూ మళ్ళీ వేయలేదు. కావాలంటే అడుగు."

అడగాల్సిన పని లేదు. గుప్పెడుకి ఆ సంగతి తెలుసు. లోకానికంతటికీ తెలుసు. అంత చక్కగా ముఖాలు గీసే మనిషి ఉన్నట్టుండి మచ్చల్లోకి ఎందుకు దూకిందని పెద్ద పెద్ద పండితులు వ్యాసాలు రాశారు. రూపం కరిగి భావమైందని ఒకాయన, పురాణాన్ని ప్రకృతిలో లయం చేసిందని ఇంకొకాయన. మరకలమ్మ ఎవరినీ కాదనలేదు. అవన్నీ చదివి పెరిగిన గుప్పెడుకి, తల్లి బొమ్మల ముందు ఎప్పుడూ తను పరాయిదాన్నన్న చిన్న ఉక్రోషం ఉండేది. తీరా చూస్తే ఆ బొమ్మల్ని లోకంలో అందరికన్నా ముందు చూసిన మనిషి తనేనట. తనకోసమే, తన చూపు కొద్దీ వేసినవట.

ఆమె ఏడవలేదు. లేచి, చల్లగాలి పీల్చుకొస్తానని పెరట్లోకి వెళ్ళింది. అక్కడ నిలబడి ఏడ్చింది. పొద్దుట్నుంచీ తల్లిని మనసులో ఎన్నెన్ని అందో అవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పిన్ని మీద కోపం రావాలి గానీ అదీ రాలేదు. ఆవిడ ఊదకపోతే తను అడిగేది కాదు, తను అడగకపోతే ఈ మాట ఈ జన్మకు బయటికొచ్చేది కాదు. పిన్నికి ఒక పొట్లం బిస్కెట్లు పట్టుకెళ్ళాలి అనుకుని, ఏడుపులోనే నవ్వొచ్చింది.

ముఖం తుడుచుకుని చూస్తే ఎదురుగా దానిమ్మ చెట్టు. పాత ఆసుపత్రి చెట్టు కొట్టేసి కొత్త భవనం కట్టినప్పుడు నర్సమ్మ దాని కొమ్మ తెచ్చి నాటుకున్నదే ఇది. ఇంటి వైపు కొమ్మల నిండా మొగ్గలే, నర్సమ్మ చెప్పింది నిజమే. గుప్పెడు చెట్టు చుట్టూ తిరిగింది. ప్రహరీ గోడ వైపు, కిందికొమ్మన, ఆకుల చాటున ఒక పువ్వు పూర్తిగా విచ్చుకుని ఉంది. మోకాళ్ళ నొప్పులతో నర్సమ్మ అటు వైపు వెళ్ళి ఉండదు.

లోపలికొచ్చి, నర్సమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. "అమ్మమ్మా," అంది. ఇందాకటిదాకా అండీ అన్న మనిషి. "చెట్టు వెనక వైపు పూసింది. వచ్చి చూస్తావా?"

నర్సమ్మ వెళ్ళి చూసింది. గుప్పెడు భుజం పట్టుకుని వంగి మరీ చూసింది. చూసి, "ఇంకేం, తీద్దాం పదండి," అంది. అంతే. పద్ధతి పద్ధతే, అది తీరాక మొండితనమేమీ లేదు ఆవిడకి.

ట్రంకుపెట్టె మంచం కింద నుంచి బయటికొచ్చింది. కిటికీ తలుపులు వేయమంది గుప్పెడు. దుప్పటి విప్పారు, నల్లగుడ్డ విప్పారు. మరకలమ్మ కళ్ళు మూసుకుంది. తెరువమ్మా అని కూతురు చెప్తే గానీ తెరవలేదు.

ఎరుపు ఉంది. మొదటి రోజున్నంత లేకపోవచ్చు, అంచుల్లో కాస్త నెమ్మదించింది. కానీ నడి మధ్యన, కింద నుంచి పైకి నలుపును తోసుకొచ్చేచోట, ఇప్పుడే నలిపిన పువ్వులా ఉంది. మరకలమ్మ దాన్ని ముట్టుకోలేదు. ఇదే, ఇదే రంగు, అంటూ ఉండిపోయింది. తర్వాత నర్సమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ రోజు నిన్ను నానా మాటలన్నాను, గ్లాసు విసిరాను, నువ్వు అడ్డం నిలబడకపోతే నా బిడ్డ ఉండేది కాదు, ఇది కూడా ఉండేది కాదు, అంది. ఆ ఋణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదక్కా, అంది. నర్సమ్మ ఇబ్బందిగా చేతులు వెనక్కి లాక్కుంది. గ్లాసు తగల్లేదులే, అంది.

గుప్పెడు గుడ్డ మూలలు చూస్తోంది. నాలుగు మూలలా టేపు అంటించి పీకిన గుర్తులు, పాతవాటి మీద కొత్తవి. ఈ ఇంటి గోడల మీద మాత్రం ఒక్క టేపు గుర్తు కూడా లేదు. మరి పైన అంటే ఎక్కడ అంటిస్తావు అమ్మమ్మా, అని అడిగింది.

అదేం ప్రశ్న అన్నట్టు చూసింది నర్సమ్మ. గాజుపెట్టెల గదిలోనే. ఏటా పూత రాగానే పట్టుకెళ్ళి అక్కడ అంటించి వస్తుంది, కాయలయ్యాక తెచ్చుకుంటుంది. ఇప్పుడున్న నర్సులు ఆవిడ నేర్పిన వాళ్ళే. పైకొచ్చే పిల్ల ఎప్పుడొస్తుందమ్మా అని అడుగుతుంటారు, ఆ గ్రీకు పేరు ఆవిడ చెవికెక్కక ఆ గదిలో బొమ్మకు అదే పేరైంది. పసికళ్ళకు పడదని అక్కడ లైటు కూడా మసకగానే పెడతారు. అలా ఇన్నేళ్ళలో ఆ ఎరుపు వంక కళ్ళు తిప్పి చూసి, బతికి బట్టకట్టి, ఇళ్ళకు వెళ్ళిన పిల్లలు ఎందరో. ఇప్పుడు కూడా కొందరు అక్కడున్నారు.

మరకలమ్మ బొమ్మల ముందు నిలబడి తలలూపిన పెద్దవాళ్ళందరూ ఆ క్షణాన ఆవిడ లెక్కలోంచి జారిపోయారు.

"నీ గోడకి కావాలని వచ్చావు," అంది నర్సమ్మ. "నాకిచ్చావు గానీ ఇది నాకోసం వేసింది కాదు. నీకోసమూ కాదు. ఎవరికోసం వేశావో దాన్ని అడుగు."

ఇద్దరు పెద్దవాళ్ళూ గుప్పెడు వైపు చూశారు. ఆ మొదటి గోడ కోసం గుప్పెడు తన చేత్తో లైటు బిగించి వచ్చింది. ఎంత ఖరీదైన లైటో, దాని కింద ఈ పూల ఎరుపు ఎన్నాళ్ళుంటుందో ఆమెకు తెలుసు. ప్రదర్శన అయ్యేలోపే పిల్ల మళ్ళీ పాతాళానికి వెళ్ళిపోతుంది, ఈసారి తిరిగి రాదు. ఆమె గుడ్డను మడతల వెంబడే మడిచి, తల్లి ఒళ్ళో పెట్టింది.

"నువ్వు పట్టుకో అమ్మా. ఆసుపత్రి దాకా నువ్వే ఎత్తుకో. ఈసారి లోపలిదాకా వద్దువుగాని."

మరకలమ్మ ఆ మూటను రెండు చేతులా గుండెకు అదుముకుంది. గోడ ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, నాకిక ఏ గోడా అక్కర్లేదు, అంది. ఆ మాట మనసారా అంది. చేతులు కడుక్కోవడం మర్చిపోకండి అని నర్సమ్మ అప్పుడే గుర్తు చేసింది, చెప్పులేసుకుంటూ.

అప్పుడే గ్యాలరీ నుంచి ఫోను. బొమ్మ దొరికిందా, ఆ గోడ సంగతేమిటని మేనేజరు గోల. దొరికింది గానీ రాదు, గోడ సంగతి సాయంత్రానికి చెప్తానని గుప్పెడు పెట్టేసింది. చెప్పడానికి ఏమీ లేదని ఆమెకూ తెలుసు. ట్రంకుపెట్టె మూత వేద్దామని వంగింది. పెట్టె అడుగున ఇంకో మడత కనపడింది. అంచు చిరిగిన పాత దుప్పటి ముక్క, మడతల్లోంచి బొగ్గుపొడి రాలుతోంది.

"అది మీ అమ్మ పారేయమన్నదే," అంది నర్సమ్మ గుమ్మంలోంచి. "పారేయమన్నంత మాత్రాన పారేస్తానా? దాన్ని ఎప్పుడు పైకి తేవాలో ఎవరూ చెప్పలేదు. అందుకని అప్పట్నుంచీ కిందే ఉంది."

మరకలమ్మ ముఖంలో రంగు పోయింది. బిడ్డ దక్కదని డాక్టరు చెప్పి వెళ్ళిన పూట గీసిన ముఖం అది. ఎలా గీసిందో, కళ్ళలో ఏం పెట్టిందో ఆవిడకు ఒక్కదానికే తెలుసు. ఎరుపు ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు గానీ, ఆ ముఖం ఎంత మర్చిపోదామన్నా పోలేదు.

"తెరవొద్దు గుప్పెడూ," అంది. "అది నువ్వు చూడకూడదు."

గుప్పెడు మొదటి మడత మీద చేయి పెట్టి, తల్లి వైపు చూసింది.

"అప్పుడు నాకు చూపు ఆనలేదమ్మా. ఇప్పుడు ఆనుతుంది."